ఆరబెట్టడం కూడా మన చరిత్రే



మన చరిత్ర అంటే పితూరీల గురించే రాస్తాం. కళ్లంలో ఆరిన పంటదీ చరిత్రే. సంతలో ధర తేల్చేది తడే కదా. ఆరని సరుకు బూజు పడుతుంది, అందుకే షావుకారు ఎంతంటే అంతకి ఇచ్చేయాల్సి వచ్చేది. 1917 ఏజెన్సీ చట్టం వడ్డీకి, భూముల బదిలీకి హద్దు పెట్టింది. 1956లో జీసీసీ వచ్చింది, సంతల్లో మన సరుకు కొన్నది. కానీ ఆరబెట్టే కష్టం మాత్రం మన అమ్మలదే.

పసుపు ఉడకబెట్టాక 10–15 రోజులు ఎండాలి. కాఫీ గింజల్లో తేమ 10 శాతం దగ్గరకి దిగాలి. పాడేరు, అరకులో కాఫీ చేతికొచ్చేదేమో మంచు కాలంలో. నేల మీద పోస్తే మట్టి వాసన పడుతుంది.

సోలార్ డ్రయ్యర్‌లో మాయేమీ లేదు. పైన అద్దంలాంటి షీటు వేడిని పట్టి ఉంచుతుంది. తట్టల మీదుగా పోయే గాలి తడిని బయటికి తీసుకుపోతుంది. వాన, దుమ్ము, కోళ్ల బాధ ఉండదు. ఒక్కో ఇంటికి కొనడం కష్టమే, అందుకే ఊరికొకటి కావాలని ఐటీడీఏని అడుగుదాం.

సరుకు బాగా ఆరితే, ధర నచ్చనప్పుడు ఇంకో సంత దాకా ఆగొచ్చు. మన తాతలకి ఆ వీలు లేకపోయింది.