పద్నాలుగో తేదీ దాటిన మర్నాడు

భద్రాచలం దేవుడు తెలంగాణలో ఉన్నాడు. ఆయన మాన్యం చాలావరకు ఆంధ్రప్రదేశ్‌లో, పురుషోత్తపట్నంలో ఉంది. పోలవరం ముంపు పేరుతో 2014లో ఏడు మండలాలను ఖమ్మం జిల్లా నుంచి విడదీసినప్పుడు ఊరు ఇటు, ఊరి చుట్టూ ఉన్న నేల అటు పోయాయి. పట్నం దాటీ దాటకముందే ఎటపాక, అంటే వేరే రాష్ట్రం. గోదారి వెంట కిందికి పోతే కూనవరం, అక్కణ్ణుంచి శబరి వెంట పోతే చింతూరు. అవి దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట, ఆ పక్కన ఒడిశాలోని మోటు. పైకి పోతే దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు. వాటి వెనక బీజాపూర్ అడవి. నాలుగు ప్రభుత్వాలు కలిసే చోటు ఇది. ఢిల్లీని కలిపితే అయిదు. 2020 వసంతంలో కరోనా మీద ఈ అయిదూ మాట్లాడాయి. ఏ మాటా రెండో మాటతో కలవలేదు.

సర్కారు మాట ఎలా పడిపోయిందో చెప్పాలంటే మార్చి 7 నుంచి మొదలుపెట్టాలి. ఆ రోజు శాసనసభలో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్, ఈ జబ్బుకు పారాసిటమాల్ చాలని ఒక శాస్త్రవేత్త తనతో అన్నాడని చెప్పారు. మార్చి 15న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి విలేకరుల ముందు పారాసిటమాల్‌కు బ్లీచింగ్ పౌడర్ కూడా చేర్చారు. స్థానిక ఎన్నికలను వాయిదా వేశారన్న కోపంలో అన్న మాట అది. నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు, నమ్మినవాళ్లు నమ్మారు. మార్చి 22న జనతా కర్ఫ్యూ వచ్చింది. దేశమంతటికీ పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా, తెలంగాణకు మాత్రం ఇరవైనాలుగు గంటలు. మార్చి 24న అదే కేసీఆర్, జనం మాట వినకపోతే కనిపిస్తే కాల్చివేత ఉత్తర్వులు ఇవ్వాల్సి వస్తుందన్నారు. జ్వరం గోలీ నుంచి తుపాకీ గుండు దాకా పదిహేడు రోజులు.

మార్చి మొదట్లో ఏమీ తెలియకపోవడం తప్పని నేననను. ప్రపంచ ఆరోగ్య సంస్థే మార్చి 11న గాని మహమ్మారి అనలేదు. ఒంట్లో బాగున్నవాళ్లకు మాస్కు అక్కర్లేదని చెప్పిన కేంద్రం ఏప్రిల్ మొదటివారంలో ఇంట్లో కుట్టుకున్నదైనా కట్టుకోమంది. ఏప్రిల్ 10న తెలంగాణ దాన్ని తప్పనిసరి చేసింది. తెలిసేకొద్దీ మాట మారడం సహజమే. అయితే మార్చినవాళ్లు, నిన్న ఇలా అన్నాం, ఇవాళ ఇది తెలిసింది, అందుకే మారుస్తున్నాం అని ఒక్కసారైనా అనలేదు. ఎప్పుడూ అదే మాట మీద ఉన్నట్టే మాట్లాడారు. జనం మతిమరుపు మీద అంత నమ్మకం!

నియమం అందరికీ ఒకటేనా అన్న అనుమానం కూడా ఆ మార్చిలోనే పుట్టింది. విదేశం నుంచి వచ్చిన కొడుకును విడిగా ఉంచలేదని కొత్తగూడెంలో ఒక పోలీసు అధికారి మీదే కేసు నమోదైంది. హైదరాబాద్‌లో హాస్టళ్లు మూతపడుతుంటే ఆంధ్రా పిల్లలకు ఊళ్లకు వెళ్లొచ్చని పోలీసు స్టేషన్లలోనే పత్రాలు రాసిచ్చారు. వాటిని పట్టుకుని వందల మంది జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టుకు చేరితే, ఈ కాగితం ఇక్కడ చెల్లదన్నారు. ఒక సర్కారు ముద్రను ఇంకో సర్కారు చిత్తుకాగితంగా చూసిన రోజు అది. ఆ పిల్లలకు చదువు ఉంది, ఫోన్లు ఉన్నాయి, టీవీ కెమెరాలు వచ్చాయి. ముఖ్యమంత్రులు మాట్లాడుకున్నారు.

ఏప్రిల్ 2న శ్రీరామనవమి. భద్రాచలంలో భక్తులు లేకుండా గుడి లోపలే రాముడి పెళ్లి జరిగిపోయింది. ఏటా ఆ పెళ్లి జరిగే మిథిలా స్టేడియం బోసిగా ఉంది. ఈ ఒక్క నియమం మాత్రం అందరికీ అర్థమైంది. దేవుడికే తప్పలేదు కదా అనుకున్నారు.

ఇక చేలల్లోకి రావాలి. ఫిబ్రవరి నుంచి గోదారి రెండు గట్లమీదా మిరప ఎర్రబడుతుంది. కాయ ఏరడానికి ఏటా బీజాపూర్, సుక్మా జిల్లాల నుంచి ఆదివాసీలు గుంపులుగా వస్తారు. తల్లులు, పిల్లలు, పెళ్లికాని ఆడపిల్లలు. మేస్త్రీ చెప్పిన రైతు చేలోనే గుడిసె వేసుకుంటారు. తాలుకాయ వేరు, మంచికాయ వేరు చేసి కల్లంలో ఆరబోస్తారు. కళ్లమంట, చేతులమంట, దగ్గు వాళ్లకు కొత్త కాదు. ఆ ఏడు దగ్గంటేనే నేరమైపోయింది. ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు వినిపించేది, తర్వాత జాగ్రత్తలు చెప్పేవారు. ఇంట్లో గోండి, కోయ మాట్లాడే జనానికి ఆ జాగ్రత్తలు ఎంతవరకు అందాయి?

మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని మాట్లాడారు. పన్నెండింటి నుంచి దేశం కదలకూడదు. మధ్యలో నాలుగు గంటలు. మూడు రోజులకు కేంద్రం వ్యవసాయ పనులకు సడలింపు ఇచ్చింది, పొలంలో కూలీలు పని చేసుకోవచ్చంది. మార్చి 29న ఇంకో ఉత్తర్వు: సరిహద్దులు మూసేయండి, వలస కూలీలను ఎక్కడివాళ్లను అక్కడే ఆపండి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే మిరప చేలో కూలీ బతుకు తేటగా కనిపిస్తుంది. కాయ ఏరుతుంటే చట్టానికి లోబడినట్టు. అదే మనిషి మూట నెత్తిన పెట్టుకుని ఇంటిదారి పడితే చట్టాన్ని మీరినట్టు. వలస కూలీకి మనిషికి పన్నెండు కిలోల బియ్యం, అయిదు వందల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రకటించింది. మంచి మాటే, మెచ్చుకోవాలి కూడా. కానీ అది అందాలంటే ముందు లెక్కలోకి రావాలి. అడవి అంచున చేలో గుడిసెను ఏ లెక్కలో రాస్తారు?

వాళ్లు పట్టుకున్నది ఒక్కటే, లాక్‌డౌన్ ముగిసే తేదీ. లెక్కలు రానివాళ్లకు కూడా రోజులు లెక్కపెట్టడం వచ్చు. తెలంగాణ మొదట మార్చి 31 అంది. ప్రధాని ఏప్రిల్ 14 అన్నారు. ఏప్రిల్ 11న కేసీఆర్ 30 దాకా అన్నారు. 14న పొద్దున పదింటికి ప్రధాని మే 3 అన్నారు. కాయ కోతలు అయిపోవస్తున్నాయి. ఊళ్లో ఇప్పపువ్వు రాలే కాలం. గడువు తీరిందని మూట కట్టుకున్నవాళ్లకు గడువు ఇంకో పంతొమ్మిది రోజులు పెరిగింది.

వాజేడు మండలంలో గోదారి ఒడ్డున పేరూరు ఉంది. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016లో భూపాలపల్లి, 2019 నుంచి ములుగు. మూడేళ్లలో ఆ ఊరి జిల్లా పేరు రెండుసార్లు మారింది. ఏప్రిల్ 15న అక్కడి మిరప చేల నుంచి పదిమందికి పైగా ఇంటిదారి పట్టారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఒక పాపకు పన్నెండేళ్లు. తల్లిదండ్రులకు ఒక్కతే బిడ్డ. రెండు నెలల కిందట ఊరివాళ్లతో కలిసి పనికి వచ్చింది. అమ్మానాన్నలు బీజాపూర్ జిల్లాలో అడవి మీద బతికేవాళ్లు. రోడ్డు మీద పోలీసులుంటారని అడవి దారిలో నడిచారు. నూరు కిలోమీటర్లకు పైబడిన దారి, ఏప్రిల్ ఎండ. మూడు రోజులు నడిచారు. ఏప్రిల్ 18న, ఇల్లు ఇంకో పదీ పదిహేను కిలోమీటర్లు ఉందనగా, పాప పడిపోయింది. మళ్లీ లేవలేదు.

ముందు చేసిన పని కరోనా పరీక్ష. జబ్బు లేదని తేలింది. ఒంట్లో నీరు, లవణాలు హరించుకుపోయి, అలసటతో చనిపోయి ఉంటుందని అక్కడి వైద్యులు చెప్పారు. ఏ రోగం నుంచి కాపాడటానికి ఇన్ని ఉత్తర్వులో, ఆ రోగం ఆమె దగ్గరికే రాలేదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. పన్నెండేళ్ల పిల్ల కూలికి ఎలా వచ్చిందన్న ప్రశ్న కొన్నాళ్లు నలిగింది. అది అడగాల్సిన ప్రశ్నే. ఆ ప్రశ్నను అడ్డం పెట్టుకుని పిల్ల ఎందుకు నడవాల్సి వచ్చిందన్న దాన్ని వదిలేయడం మాత్రం నాకు నచ్చలేదు.

పాప పోయిన మర్నాడే, ఏప్రిల్ 19న, కేసీఆర్ గడువును మే 7కు మార్చారు. ఏప్రిల్ 29న కేంద్రం వలస కూలీలు ఇళ్లకు పోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. మే 1న తెల్లవారక ముందే దేశంలో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. సుమారు పన్నెండు వందల మంది కూలీలు. తెలంగాణ గడ్డ మీది నుంచే. ఆ తర్వాత కేంద్రం మే 17 అంది, తెలంగాణ మే 29 అంది, చివరికి కేంద్రం మే 31 అంది.

ఆ సెప్టెంబరులో పార్లమెంటు కూర్చుంది. దారిలో చనిపోయిన వలస కూలీల వివరాలు తమ దగ్గర లేవనీ, కాబట్టి పరిహారం ప్రశ్నే తలెత్తదనీ కార్మిక శాఖ రాతపూర్వకంగా జవాబిచ్చింది. అంతమంది ఎందుకు నడిచారని అడిగితే హోం శాఖ చెప్పిన కారణం ఇంకొకటి. లాక్‌డౌన్ ఎన్నాళ్లుంటుందన్న దాని మీద తప్పుడు వార్తలు పుట్టించిన భయమట. మార్చి 31, ఏప్రిల్ 14, ఏప్రిల్ 30, మే 3, మే 7, మే 17, మే 29, మే 31. వీటిలో ఏది తప్పుడు వార్తో ఆ జవాబులో రాయలేదు.