జాతీయ పతాకము – మన ధర్మము

తిక్కన సోమయాజి విరాటపర్వమును చదివినవారికి ఉత్తర గోగ్రహణ ఘట్టము జ్ఞప్తియం దుండును. అర్జునుడు ఉత్తరకుమారునకు కౌరవ వీరులను వారి వారి పతాకములను బట్టియే యెరుకపరచెను. సర్పచిహ్నము గల పడగ దుర్యోధనునిది. తాటిచెట్టు గల సిడము భీష్మునిది. ఆ పతాకములు ఒక్కొక్క వీరునివి. మన గ్రంథాలయము ముంగిట నెగురు పతాకమో, ఏ యొక్కరిదియు గాదు, అందరిది. కావున దానిని గౌరవముతో నిలుపు భారమును అందరిదే.

ఈ పతాకము మనకు సులభముగా లభించినది కాదు. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రున 1876లో జన్మించిన పింగళి వెంకయ్యగారు 1916లోనే జాతీయ పతాకమును గూర్చి గ్రంథము ప్రకటించిరి. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశములయందు ఎఱుపు, ఆకుపచ్చ రంగుల పతాకమును గాంధీ మహాత్మునకు సమర్పించిరి. పిమ్మట తెలుపు పట్టీయు, రాట్నమును అందు చేరెను. 1923లో నాగపురమున పతాకమును వీథులలో గొనిపోవు హక్కునకై సత్యాగ్రహము జరుగగా పెక్కుమంది చెరసాలలకు పోయిరి. 1930లో బందరు కోనేరు కూడలిలో పతాకము నెత్తబోయిన తోట నరసయ్యనాయుడుగారు స్పృహ దప్పువఱకు దెబ్బలు తినిరి. 1931లో కాషాయము, తెలుపు, ఆకుపచ్చ యను వరుస స్థిరపడెను. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నమునకు మారుగా 24 ఆకుల అశోకచక్రమును నిలిపి, దీనిని స్వతంత్ర భారత పతాకముగా నంగీకరించెను.

సామాన్యుడు ఏడాది పొడుగునను దీనిని ఎగురవేసికొను స్వేచ్ఛ 2002 జనవరి 26న అమలులోనికి వచ్చిన పతాక నియమావళివలన కలిగినది. 2022 జూలై సవరణతో ఇంటిపై రాత్రివేళయు నుంచవచ్చును. హక్కు పెరిగినకొలది జాగ్రత్తయు పెరుగవలెను గదా!

ఇచట నా తప్పు నొకటి చెప్పుకొందును. ఒక పంద్రాగస్టు నాడు మన గ్రంథాలయమున త్రాడు ముడివేసినవాడను నేనే. పతాకము విచ్చుకొనగా ఆకుపచ్చ పట్టీ పైకి వచ్చెను. పెద్దల మెవ్వరమును గమనింపలేదు. బడిపిల్ల యొకతె చూచి చెప్పెను. ఏండ్ల తరబడి గ్రామపు లెక్కలు వ్రాసి, జమను ఖర్చు క్రింద నెన్నడును వేయని నేను ఆనాడు తల వంచుకొంటిని. నాటినుండి నియమములను శ్రద్ధతో నేర్చితిని.

కాషాయ మెల్లప్పుడును పైనుండవలెను. గోడకు నిలువుగా వ్రేలాడదీసినచో చూచువారి యెడమవైపున నుండవలెను. పొడవు వెడల్పులు మూడు, రెండు పాళ్లుగా నుండవలెను. ఎత్తునపుడు చుఱుకుగను, దించునపుడు మెల్లగను సాగవలెను. నేలను గాని నీటిని గాని తాకనీయరాదు. దానిపై నే వ్రాతయు నుండరాదు. చినిగినదానిని, వెలిసినదానిని ఎగురవేయరాదు. అట్టిదానిని చెత్తలో వేయక, ఏకాంతమున గౌరవముతో పూర్తిగా దహింపవలెను. పండుగనాడు పిల్లలు పట్టిన కాగితపు జెండాలను మరునాడు వీథిలో త్రొక్కుడు పడనీయరాదు.

బందరులో ఒక్క పతాకమునకై ఒకరు స్పృహ దప్పునంతగా దెబ్బలు తినిరి. మనకు కావలసినది ముడి వేయుటకు ముందు ఒక్క క్షణము చూచుకొనుట మాత్రమే. ఈ రజతోత్సవ వేళ మన గ్రంథాలయ సభ్యులందరును ఆపాటి శ్రద్ధ వహింతురు గాక!