దమిష్క్ పేరు, కోనసముద్రం ఉక్కు



అమెరికాలో, కెనడాలో ఉన్న మన పిల్లలకి ఈమధ్య బావర్చీఖానా ఛురీల షౌక్ బాగా పట్టింది. పెద్ద కంపెనీ మాల్ కాదు. ఒక్కడే కారీగర్ తన షెడ్డులో కూర్చుని విడతకి పదో పదిహేనో చేస్తాడు. ఛురీ ఆకారం, ఉక్కు ఆయన ఇష్టం. పొడవెంత ఉండాలి, పిడి ఏ కర్రతో చెయ్యాలి అన్నది కొనేవాడి ఇష్టం. దీన్ని ‘సెమీ కస్టమ్’ అంటున్నారు. కొలతలిచ్చి కుట్టించుకున్న షేర్వానీ కాదు, అలాగని రెడీమేడూ కాదు. కుట్టి ఉంచినదాన్ని మన ఒంటికి సరిచేయించుకున్నట్టన్నమాట. కొందరి దగ్గర పేరు రాయించుకుని నెలలు ఆగాలి.

మా ఖాలా కొడుకు అలాంటిదే ఒకటి తెప్పించుకుని ఫోటో పంపాడు. బ్లేడు నిండా నీటి అలల్లాంటి నక్ష్. “డమాస్కస్ స్టీల్ అంట భాయీజాన్, మన ముసల్మానుల హునర్ కదా!” అని కింద రాశాడు. ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం గురించే ఈ వ్యాసం.

ఒక్కరి కోసం ప్రత్యేకంగా ఛురీ చేయించడం అమెరికా వాళ్లు కనిపెట్టిన రివాజేమీ కాదు. 1621లో జలంధర్ దగ్గర ఆకాశం నుంచి ఒక ఇనుప ముద్ద పడింది. బాద్షా జహంగీర్ దాన్ని తెప్పించి తూయించాడు, 160 తులాలు తూగింది. దానితో ఒక కత్తి, ఒక ఖంజర్, ఒక ఛురీ చెయ్యమని ఉస్తాద్ దావూద్‌కి హుకుం ఇచ్చాడు. తీరా చూస్తే ఆ ఇనుము సుత్తి దెబ్బకి నిలవకుండా చిట్లిపోయింది. ఉస్తాద్ దానికి మామూలు ఇనుము కలిపాడు, మూడు పాళ్లు ఆకాశపు ఇనుము, ఒక పాలు నేల ఇనుము. ఆ కలయికతో రెండు కత్తులు, ఒక ఖంజర్, ఒక ఛురీ తయారయ్యాయి. ఇదంతా జహంగీర్ తన తుజుక్‌లో రాసుకున్నాడు. అందులోని ఒక ఛురీ ఇప్పుడు వాషింగ్టన్‌లో ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. నాలుగు వందల ఏళ్ల తర్వాత అమెరికాలో బాబ్ క్రేమర్ అనే ఉస్తాద్ కూడా ఉల్క ఇనుము కలిపి షెఫ్ ఆంథొనీ బోర్డెయిన్‌కి వంటింటి కత్తి చేసిచ్చాడు. బోర్డెయిన్ పోయాక, 2019 వేలంలో దాని ఖీమత్ 2,31,250 డాలర్లు పలికింది. అంత డబ్బు పోసిన కత్తితో ఎవరైనా ఉల్లిపాయ కోస్తారా అని నా డౌటు.

ఉస్తాద్ దావూద్‌కి చెయ్యి తిరిగినా మాల్ మొరాయించింది. మంచి బ్లేడుకి మంచి ఉస్తాద్ ఎంత అవసరమో, మంచి ఫౌలాద్ కూడా అంతే అవసరం. అలల నక్ష్ సంగతి ఇక్కడే మొదలవుతుంది.

ఆ నక్ష్‌ని ఉర్దూలో, ఫార్సీలో జౌహర్ అంటారు. మనం ‘జౌహర్ దిఖానా’ అంటూ ఉంటాం, లోపల ఉన్న సత్తా బయటపెట్టడం అని. కత్తికి కూడా ఆ మాట అక్షరాలా సరిపోతుంది, ఎందుకంటే అస్లీ జౌహర్‌ని బ్లేడు మీద ఎవరూ గీయరు. ఉక్కులో కార్బన్ మామూలు కంటే బాగా ఎక్కువ, ఒకటిన్నర శాతం అటూఇటూగా. మూసలో కరిగించి నెమ్మదిగా చల్లారిస్తే, తర్వాత తక్కువ వేడి మీద ఓపికగా సాగగొడితే, కార్బన్‌తో గట్టిపడిన సన్నటి రేణువులు వరసలు కడతాయి. పుల్లటి ద్రావకం పూస్తే ఆ వరసలు తెల్లగా, మిగతా లోహం నల్లగా తేలుతుంది. వేడి ఎక్కువైందా, సుత్తి కింద ఆ ముద్ద పొడిపొడి అవుతుంది.

ఆ ముద్దలు దమిష్క్‌లో పుట్టినవి కావు. యూరప్ వాళ్లు ఆ కత్తుల్ని దమిష్క్ బజార్లలో చూసి ఆ పేరు పెట్టారన్నది ఎక్కువమంది చెప్పే మాట. అరబ్బులకి మాత్రం మాల్ ఎక్కడిదో బాగా తెలుసు. 9వ శతాబ్దంలోనే బగ్దాద్ ఫిలాసఫర్ అల్-కిందీ కత్తుల రకాల మీద ఏకంగా ఒక రిసాలా రాశాడు. హింద్ ఉక్కుతో చేసిన కత్తికి అరబీలో ‘ముహన్నద్’ అని పేరు. ఇప్పటికీ అరబ్బులు కొడుకులకి ముహన్నద్ అని పెట్టుకుంటారు. మన దగ్గర ఆ పేరు పెట్టుకున్నవాళ్లలో ఎందరికి దాని అర్థం తెలుసో!

హింద్ అంటే హింద్ మొత్తం కాదు. దక్షిణాదిలో, సిలోన్‌లో కొన్ని ఇలాకాలు. వాటిలో గొప్పగా పేరు పడ్డది మన ఉత్తర తెలంగాణ. 17వ శతాబ్దపు ఫ్రెంచి సౌదాగర్ టావెర్నియే, ఇరాన్‌లో జౌహర్ తేలే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వస్తుందని రాశాడు. చిన్న రొట్టెల్లాంటి ముద్దలుగా అమ్మేవారట. లోపల బాగుందో లేదో చూడడానికి ముద్దని రెండుగా కోసేవారు, ఒక్కో సగంతో ఒక్కో కత్తి. ఇది కూడా చిన్న విడతల పనే, చూశారా! ఒక మూసకి ఒక ముద్ద, ఒక ముద్దకి రెండు కత్తులు.

ఆ ముద్దలు చేసిన ఊళ్లలో ఒకటి కోనసముద్రం. నిజామాబాద్ జిల్లాలో, గోదావరికి దక్షిణాన. ఇంగ్లిషు సర్వేలో డాక్టరుగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయ్సీ ఆ కొలుముల్ని కళ్లారా చూశాడు. ఆయన 1824లో చనిపోయాడు. రాసి పెట్టింది 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు ఊళ్ల నుంచి వచ్చిన రెండు రకాల ఇనుము కలిపేవారు. మూసలో గాజు పెంకులు కూడా వేసేవారు. మూత పెట్టి, మట్టి మెత్తి, ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఊదేవారు. బయటికొచ్చిన ముద్ద మరీ బిరుసుగా ఉంటుంది కాబట్టి మళ్లీ మట్టి మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాల్చి మెత్తబరిచేవారు. ఒక్కసారితో అయ్యేది కాదు.

వాయ్సీ వెళ్లేసరికి అక్కడ ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే సౌదాగర్ ఉన్నాడు. ఎక్కడి ఇస్ఫహాన్, ఎక్కడి కోనసముద్రం! మీ ముల్క్‌లోనే చేసుకోవచ్చు కదా అంటే, ప్రయత్నించాం, కుదరలేదు అన్నారట ఇరానీలు. అందుకే సముద్రం దాటి వచ్చి మాల్ ఎంచుకుని పట్టుకెళ్లేవారు. ఇస్ఫహాన్‌లో దాన్ని సాగగొట్టి కత్తి చేసినవాళ్లలో అసదుల్లా పేరు ఎంత మోగిందంటే, తర్వాతి కాలంలో ఎవరెవరో చేసిన కత్తుల మీద కూడా ఆ దస్తఖత్ చెక్కి అమ్మారు.

నన్ను పట్టుకున్న విషయం ఇదే. ఉస్తాద్ దావూద్ పేరు బాద్షా రాసి పెట్టాడు. అసదుల్లా పేరుకి నక్లీలు కూడా పుట్టాయి. హాజీ హుసేన్ పేరు అంగ్రేజు డాక్టరు కాగితంలో మిగిలింది. రాత్రంతా తిత్తి ఊది, మంట రంగు చూసి లోపల ముద్ద కరిగిందో లేదో చెప్పిన కోనసముద్రం కమ్మరి పేరు ఆ కాగితంలో లేదు. “మన ముసల్మానుల హునర్” అనేటప్పుడు ఆయన్ని పక్కన పెడితే ఇన్సాఫ్ కాదు. కొన్నది, మోసింది, కత్తిగా సాగగొట్టింది మనవాళ్లు. ఫౌలాద్ చేసింది తెలుగు కొలిమి. ఇంగ్లిషులోని ‘వూట్జ్’ అనే మాట కూడా తెలుగు, కన్నడాల ‘ఉక్కు’ నుంచే వచ్చిందని పండితులు చెప్తారు.

అంగ్రేజులు హుకుం ఇచ్చి ఈ కొలుముల్ని మూయించారని వాట్సాప్‌లో తిరుగుతోంది. కోనసముద్రం నిజాం ఇలాకాలోది, కంపెనీ హుకుం అక్కడ నేరుగా నడిచేది కాదు. దెబ్బ కొట్టింది బజారు. షెఫీల్డ్ మూస ఉక్కు, 1856 తర్వాత బెసెమర్ పద్ధతి ఉక్కు చవకగా గుట్టలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. తుపాకుల కాలంలో జౌహర్‌దార్ కత్తికి గిరాకీ కూడా తగ్గింది.

మరి మావాడి ఛురీ మీద అలలు? అవి వేరే దారిలో వచ్చినవి. రెండు రకాల ఉక్కు రేకులు ఒకదానిపై ఒకటి పేర్చి, కొలిమిలో అతికించి, మడిచి, మెలిపెట్టి, ద్రావకంలో ముంచితే తేలే నక్ష్ అది. 1973లో బిల్ మోరన్ అనే అమెరికన్ కమ్మరి అలాంటి బ్లేడ్లు ప్రదర్శనకి పెట్టాక ఆ షౌక్ అక్కడ పాకింది. దాన్ని నేను నక్లీ అనను. పాత పద్ధతే, చేతి హునరే. దానికి కోనసముద్రంతో మాత్రం రిష్తా లేదు. అస్లీ జౌహర్‌ని మళ్లీ తేల్చినవాళ్లు కూడా ఉన్నారు. ఆల్ పెండ్రే అనే కమ్మరి, జాన్ వెర్హోవెన్ అనే ప్రొఫెసరు ఏళ్ల తరబడి మూసలు కాల్చి, 1998లో తమ లెక్క రాశారు: ఖనిజంలో వెనేడియం లాంటివి రవ్వంత ఉంటేనే ఆ వరసలు కడతాయి. ఏ ఊరి ఇనుము, ఎన్ని పాళ్లు అని కోనసముద్రంలో అంత పట్టింపు ఎందుకో దీన్నిబట్టి ఊహించవచ్చు.

కొనదలచినవాళ్లు కారీగర్‌ని ఒకటి అడగండి: అంచు ఏ ఉక్కు? చాలా ఛురీల్లో అలలున్న రేకులు రెండు పక్కలా ఉత్త లిబాసే, కోసేది మధ్యలో ఉన్న సాదా ఉక్కు. అంతకంటే చవక మాల్‌లో అలల్ని లేజర్‌తో గీస్తారు. గరుకు కాగితంతో రుద్దితే పోతాయి, మళ్లీ ద్రావకం పూసినా తేలవు. ఇంకోటి, కార్బన్ ఉక్కుకి నిమ్మరసం, చింతపండు పడవు. కోయగానే కడిగి తుడవాలి, లేదంటే బక్రీద్‌కి కొన్న ఛురీ మొహర్రంకల్లా తుప్పు పడుతుంది.

2010లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు, బెంగళూరు పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి పాత కొలుముల ఆనవాళ్లు నమోదు చేశారు. ఆ ఇలాకాలో పొలాల్లో, చెరువు గట్ల మీద నల్లటి చిట్టెం రాళ్లు, విరిగిన మూస పెంకులు నేటికీ కనిపిస్తాయి. అటువైపు చుట్టాలున్నవాళ్లు ఈసారి వెళ్లినప్పుడు అడిగి చూడండి, “చిట్టెం దిబ్బ ఎటువైపు?” అని.