గాలిమందు నుంచి గది అద్దె దాకా

మందు లేని రోజుల్లో క్షయ రోగికి డాక్టరు చెప్పగలిగినవి మూడే: మంచి గాలి, బలమైన తిండి, కదలకుండా పడక. ఈ మూడూ ఒక్కచోట దొరికే ఏర్పాటును శానిటోరియం అన్నారు. ఆ మూడింటినీ కలిపి అమ్మే వ్యాపారం ఇంకోటి ఉంది, హోటలు. అందుకే తర్వాతి కాలంలో ఆసుపత్రి హోటలైపోవడానికి గోడలు కూల్చాల్సిన అవసరం పెద్దగా రాలేదు. వరండాలు అవే, కొండగాలి అదే. బిల్లు మీద పేరొక్కటే మారింది.

కథ మొదలైంది జర్మన్ల దగ్గర. 1850లలో బ్రేమర్ అనే డాక్టరు సైలీషియా కొండల్లోని గోర్బర్స్‌డార్ఫ్‌లో రోగులను ఆరుబయట తిప్పడం మొదలుపెట్టాడు. ఆయన దగ్గరే రోగిగా చేరి, కోలుకుని, శిష్యుడైన డెట్‌వైలర్ దానికి పూర్తిగా ఎదురుతిరిగాడు. నడవొద్దు, వరండాలో వాలుకుర్చీ వేసుకుని రోజంతా పడుకోమన్నాడు. చలి కొరికేస్తున్నా సరే, కంబళ్లు చుట్టుకుని బయటే. కళ్లె ఎక్కడపడితే అక్కడ ఉమ్మకుండా జేబులో పెట్టుకునే నీలిగాజు బుడ్డీని తయారుచేసిందీ ఆయనే. మూతపెట్టిన ఆ చిన్న బుడ్డీ, థర్మామీటరు, గంట కొట్టగానే భోజనం. స్విట్జర్లాండ్‌లోని దావోస్ అనే పల్లె ఈ పద్ధతి మీదే పట్నమైంది. ఈమధ్య కోటీశ్వరులు ఏటా జనవరిలో సమావేశమయ్యే దావోస్ అదే. మొదట అక్కడికి చేరినవాళ్లు దగ్గుకుంటూ వెళ్లినవాళ్లు.

ఊపిరితిత్తులకు పనికొచ్చే గాలి మనసుకు మాత్రం పనికిరాదా అనుకున్నవాళ్లు అమెరికాలో బయల్దేరారు. థామస్ కర్క్‌బ్రైడ్ అనే మానసిక వైద్యుడు పిచ్చాసుపత్రికి కొత్త నమూనా గీశాడు. నడుమ ఆఫీసు, అటూ ఇటూ వెనక్కి వాలుతూ పోయే వార్డులు, ప్రతి గదికీ వెలుతురు, చుట్టూ తోటలు, పొలాలు. రోగిని గొలుసులతో కట్టేయడం కన్నా కిటికీలోంచి చెట్టు చూపించడం మేలని ఆయన నమ్మకం. బఫెలో నగరంలో 1880లో తెరిచిన ఆసుపత్రిని ఆ నమూనాలోనే రిచర్డ్‌సన్ అనే గొప్ప వాస్తుశిల్పి కట్టాడు. తోటలు వేసింది న్యూయార్క్ సెంట్రల్ పార్కు వేసిన ఓమ్‌స్టెడ్. దాని దగ్గరికి మళ్లీ వద్దాం. ముందు మన కొండ ఎక్కాలి.

మదనపల్లె దగ్గరి కొండకు ఏనుగు మల్లమ్మ కొండ అని పేరు. మల్లమ్మ అనే సాధ్వికి ఏనుగులు తిండి తెచ్చిపెట్టేవనీ, ఆమె కొండజనానికి జబ్బులు నయం చేసేదనీ, ఒకనాడు కనబడకుండా పోయిందనీ చెబుతారు. 1860లలో కడప కలెక్టరు హార్స్‌లీ ఎండలకు తాళలేక ఆ కొండ మీద బంగళా కట్టుకున్నాడు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, 1911లో గానీ రాలేదు. దాంతో మల్లమ్మ పేరు పోయి దొర పేరు నిలిచింది. రోగం కుదిర్చిన ఆమె పేరు వదిలేసి చల్లగాలికి వచ్చినాయన పేరు పెట్టుకోవడం మన ప్రాంతానికి మాత్రమే చెల్లింది.

కింద మదనపల్లె కూడా సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పొడి గాలి, తక్కువ వాన, రాత్రిళ్లు చల్లదనం. ఆనాటి డాక్టర్లు వెతుకుతున్నది సరిగ్గా ఇదే. మిషనరీ సంఘాలు కొన్ని కలిసి 1912లో ఇక్కడ యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం పెట్టాయి. ఊరికి కాస్త దూరంగా అది స్థిరపడిన చోటికి ఆరోగ్యవరం అని పేరు వచ్చింది. మొదటి సూపరింటెండెంటు డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. తర్వాత ఆయన కొడుకు యోహానెస్ కూడా ఆ పనే చేపట్టాడు. తండ్రీకొడుకుల పేర్లు దేశంలోని క్షయ వైద్య చరిత్రలో ఎక్కడ తవ్వినా తగులుతాయి.

అదే 1912లో థామస్ మన్ అనే జర్మన్ రచయిత దావోస్‌లో వైద్యం చేయించుకుంటున్న భార్యను చూడటానికి వెళ్లి మూడు వారాలు ఉన్నాడు. అక్కడి డాక్టరు ఆయన ఛాతీ కూడా తట్టి చూసి, మీకూ మచ్చ ఉంది, ఆరు నెలలు ఉండిపోండి అన్నాడట. మన్ ఇంటికి పారిపోయి నవల మొదలుపెట్టాడు. అది 1924లో ‘మాంత్రిక పర్వతం’గా వచ్చింది. అందులో పేరుతో సహా కనిపించే షాట్జాల్ప్ శానిటోరియం 1950లలో హోటలైంది. ఇప్పటికీ హోటలే. 2015లో దర్శకుడు సొరెంటినో ‘యూత్’ సినిమా కొంత భాగం అక్కడే తీశాడు.

ఇక్కడ మదనపల్లె బిడ్డల సంగతి చెప్పాలి. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఈ ఊళ్లోనే పుట్టాడు. తమ్ముడు నిత్యానందకు క్షయ పట్టుకుంది. పుట్టిన ఊరి పక్కనే దేశమంతా పేరున్న శానిటోరియం ఉండగా, అన్నదమ్ములు స్విట్జర్లాండ్ గాలి, ఆ తర్వాత 1922లో కాలిఫోర్నియాలోని ఓహాయ్ గాలి వెతుక్కుంటూ పోయారు. ఓహాయ్ కూడా మదనపల్లె లాగే కొండల నడుమ పొడినేల. అక్కడి పైన్ కాటేజ్ ముందున్న మిరియపు చెట్టు కిందే ఆ ఆగస్టులో కృష్ణమూర్తి జీవితాన్ని మలుపు తిప్పిన అనుభవం కలిగింది. తమ్ముడు మాత్రం దక్కలేదు. 1925 నవంబరులో నిత్య ఓహాయ్‌లో పోయిన కబురు, ఓడలో ఇండియాకు వస్తున్న అన్నకు సూయెజ్ కాలువ దగ్గర తంతిగా అందింది. గాలిని నమ్ముకున్న వైద్యం ఎంతవరకు వచ్చేదో ఆ తంతిని బట్టి తెలుస్తుంది. పైన్ కాటేజ్ పక్కనే ఉన్న ఆర్యవిహార అనే ఇల్లు ఇప్పుడు అతిథులు డబ్బిచ్చి దిగే బస. కృష్ణమూర్తి ఉన్న ఇంట్లో నాలుగు రోజులు మౌనంగా చదువుకోవాలనో, రాసుకోవాలనో వచ్చేవాళ్లకు అక్కడ గదులిస్తారు. రోగి కోసం వెతుక్కున్న చోటు అతిథుల విడిదిగా మారిన కథల్లో తెలుగువాళ్లకు అన్నిటికన్నా దగ్గరిది ఇదే.

టాగోర్‌కూ ఈ గాలితో లెక్క ఉంది. 1903లో క్షయతో ఉన్న కూతురు రేణుకను ఆల్మోరా కొండలకు తీసుకుపోయి, ఆమె పక్కన కూర్చుని పిల్లల కవితలు రాశాడు. కూతురు ఆ ఏడే పోయింది. పదహారేళ్ల తర్వాత, 1919 ఫిబ్రవరిలో, దక్షిణాది పర్యటనలో అలసి మదనపల్లెలో బీసెంట్ కాలేజీకి వచ్చి కొన్నాళ్లు ఆగాడు. జనగణమనను ఇంగ్లిష్‌లోకి మార్చింది అప్పుడే. కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసుకున్నదీ అప్పుడే. ఊరికి ఈ ఘనత చాలు. కానీ ఆ వారమే కొన్ని మైళ్ల అవతల ఆరోగ్యవరం వరండాల్లో కంబళ్లు కప్పుకుని పడుకున్నవాళ్లూ అదే గాలి పీల్చుతున్నారు. ఆ పాటతో పాటు వాళ్లూ గుర్తుండాలని నాకనిపిస్తుంది.

గాలి వెతుక్కుంటూ పోయి హోటలే కట్టినవాడూ ఒకడున్నాడు. ఆవిరి కార్లు తయారుచేసిన స్టాన్లీ సోదరుల్లో ఫ్రీలన్ స్టాన్లీకి 1903లో క్షయ ముదిరింది. కొలరాడో కొండలకు వెళ్లాడు, కోలుకున్నాడు, 1909లో అక్కడ పెద్ద హోటలు తెరిచాడు. తొంభై దాటాకే పోయాడు. 1974లో సీజన్ ముగిసి మూసేయబోతున్న ఆ ఖాళీ హోటల్లో స్టీఫెన్ కింగ్ దంపతులు ఒక రాత్రి దిగారు. ఆ రాత్రి నుంచే ‘ద షైనింగ్’ నవల పుట్టింది. జబ్బు నయమైన సంతోషంతో కట్టిన భవనం లోకానికి దయ్యాల కొంపగా తెలియడం స్టాన్లీ ఊహించి ఉండడు.

శానిటోరియాలను ఖాళీ చేసింది మాత్రం దయ్యాలు కాదు, మాత్రలు. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. చివరి దెబ్బ మన దగ్గరి నుంచే పడింది. మద్రాసు చెట్‌పేటలో 1956లో పెట్టిన క్షయ పరిశోధన కేంద్రం బస్తీల్లోని పేద రోగులను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు శానిటోరియంలో పడక, మంచి తిండి. రెండో జట్టు ఇరుకింట్లోనే ఉండి, పనికి పోతూ, ఉన్నదే తింటూ, అవే మందులు మింగింది. 1959లో ఫలితాలు వచ్చాయి. రెండు జట్లూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. మందు పడితే చాలు, కొండగాలి అక్కర్లేదని తేలిపోయింది. 

పిచ్చాసుపత్రుల కథా ఇంచుమించు అంతే. 1950లలో క్లోర్‌ప్రొమజైన్ లాంటి మందులు వచ్చాయి. బసాలియా అనే డాక్టరు పోరాటం వల్ల ఇటలీ 1978లో మానసిక ఆసుపత్రులను క్రమంగా మూసేయాలని చట్టమే చేసింది. వెనిస్ దగ్గర సాన్ క్లెమెంటే దీవిలోని ఆడవాళ్ల పిచ్చాసుపత్రి 1992లో మూతపడి, 2003లో ఖరీదైన హోటలైంది. బఫెలోలోని కర్క్‌బ్రైడ్ భవనం 1970ల నుంచి ఖాళీగా పడి ఉండి, 2017లో హోటలుగా తెరుచుకుంది. మధ్యలో మూతపడింది, 2023లో కొత్త పేరుతో మళ్లీ వచ్చింది. పెళ్లిళ్లు చేస్తారు, బొమ్మల ప్రదర్శనలు పెడతారు. మసాచుసెట్స్‌లోని డాన్వర్స్ ఆసుపత్రి పాడుబడ్డాక అందులో ‘సెషన్ నైన్’ అనే భయానక సినిమా తీశారు.

రాసేవాళ్లకు, తీసేవాళ్లకు ఇలాంటి భవనాల మీద మోజు ఎందుకో తెలుసుకోవడం కష్టం కాదు. పొడవాటి నడవాలు, ఒకేలాంటి తలుపులు, ఎవరు ఉండి పోయారో తెలియని గదులు. పని సగం ముందే అయిపోతుంది. కానీ అందులో ఒక అన్యాయం ఉంది. అక్కడ ఏళ్లకేళ్లు బతికినవాళ్లు తెర మీద దయ్యాలుగా తప్ప మనుషులుగా రావడం లేదు. మన్ గొప్పతనం అక్కడే. ఆయన రోగులు పేకాడతారు, ప్రేమిస్తారు, జ్వరం చూసుకుంటూ తత్వం వాదించుకుంటారు.

మన దగ్గర ఏ పిచ్చాసుపత్రీ హోటలు కాలేదు. విశాఖ ఆసుపత్రి ఆసుపత్రే. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి పేరు సినిమా జోకుల్లో ఎంత నలిగినా అక్కడ ఓపీ ముందు లైను తగ్గలేదు. కుప్పం, పుంగనూరు వైపు నుంచి మనసు బాగాలేనివాళ్లను బెంగళూరు నిమ్హాన్స్‌కు, మిగతా జబ్బులకు రాయవేలూరుకు తీసుకుపోతుంటారు. భవనం ఖాళీ అవ్వాలంటే ముందు రోగులు తగ్గాలి, లేదా వైద్యం ఇంటిదాకా రావాలి. రెండూ మనకింకా పూర్తిగా కాలేదు. ఆరోగ్యవరం కూడా ఆసుపత్రిగానే మిగిలింది. క్షయ శానిటోరియం పేరు పోయి అన్ని జబ్బులకూ చూసే మెడికల్ సెంటరైంది. పైన హార్స్‌లీ కొండ మీద మాత్రం పర్యాటక శాఖ గదులు వేసవిలో నిండిపోతుంటాయి. గాలికి గిరాకీ తగ్గలేదు, డాక్టరు చీటీ అక్కర్లేకుండా పోయిందంతే.

మన వైపు కథకుడికి కావలసినంత సరుకు అయితే ఉంది. దేశంలో 1948లో బీసీజీ టీకా తొలిసారి వేసి చూసిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి అయిదేళ్ల పాటు చిన్న మోలర్ బృందం చుట్టుపక్కల పల్లెల్లో పెద్ద సర్వే చేసింది. జబ్బు లేదనుకునే మనిషిని ఎక్స్‌రే ముందు నిలబెట్టాలి, కళ్లె ఇమ్మని అడగాలి, అనుమానం తేలితే ఆ ఇంటికి మళ్లీ వెళ్లి ఆ మాట చెప్పాలి. చెప్పినవాళ్లు ఎవరు, విన్నవాళ్లు ఏమన్నారు, సంబంధం కుదిరిన పిల్ల ఉన్న ఇంట్లో ఆ కాగితాన్ని ఎక్కడ దాచారు? రాయదగ్గ నవల ఇదీ. దీనికి పాడుబడ్డ భవనం కూడా అక్కర్లేదు.