చూరులో గ్లాసు, పాలరాతి బల్ల

1974లో నల్లగొండ జిల్లా నుంచి హైదరాబాదు వచ్చి ఒక పత్రికలో ప్రూఫ్ రీడరుగా చేరాను. మొదటి రాత్రి డ్యూటీలో పన్నెండు దాటాక కంపోజింగ్ సెక్షన్ పెద్దాయన భుజం తట్టి, "లే తమ్మీ, చాయ్ తాగొద్దాం" అని మూలమీది ఇరానీ హోటల్‌కు తీసుకుపోయాడు. పాలరాతి పలక వేసిన బల్లలు, వంపు తిరిగిన నల్ల చెక్క కుర్చీలు, గోడలకు పెద్ద పెద్ద అద్దాలు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. మా ఊరి చాయ్ హోటల్ చూరులో మా వాడవాళ్ళకు వేరే గ్లాసు ఉండేది. మనమే తీసుకోవాలి, పైనుంచి పోస్తే తాగాలి, మనమే కడిగి మళ్ళీ చూరులో చెక్కాలి. ఆ అలవాటు కొద్దీ నా కళ్ళు పైకి పోయాయి. పెద్దాయనకు అర్థమైనట్టుంది. ఆ మాట ఎత్తలేదు. కుర్చీ లాగి, "కూసో. సాసర్ల పోసుకొని తాగు, నాలిక కాలుతది" అన్నాడు.

ఇరానీ చాయ్ గురించి రాసేవాళ్ళంతా రుచి దగ్గర మొదలుపెడతారు. నాకు ముందు గుర్తొచ్చేది కుర్చీ.

ఈ ఊరికి ఇరానీలు కొత్తవాళ్ళు కాదు. 1591లో చార్మినారు చుట్టూ పట్నానికి రూపం ఇచ్చినవాడుగా చెప్పే మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ నుంచి వచ్చినవాడే, కుతుబ్‌షాహీల పేష్వా, అంటే ప్రధానమంత్రి. ఆ తర్వాత 1880ల దాకా ఇక్కడి సర్కారు కాగితాల భాష ఫార్సీయే. అయితే వాళ్ళు పండితులు, హకీములు, సర్దార్లు. హోటళ్ళు పెట్టినవాళ్ళు వేరు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యజ్ద్ లాంటి ఎడారి పట్టణాల నుంచి బతుకుతెరువు కోసం బయల్దేరిన మామూలు మనుషులు వాళ్ళు. బొంబాయిలో దిగారు, పూనా పోయారు, కొందరు ఇటు రైలెక్కారు. వాడి జంక్షన్ నుంచి సికిందరాబాదుకు 1874లోనే రైలు పడింది. బొంబాయి ఇరానీ హోటళ్ళవాళ్ళలో జొరాస్ట్రియన్లు చాలామంది. హైదరాబాదు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది షియా ముసల్మానులు. ఊరూరా పీర్ల పండగ చేసే సీమ వాళ్ళకు మరీ పరాయిగా అనిపించి ఉండదు.

ఇరానీ హోటళ్ళు నాలుగు రోడ్ల మూలల్లోనే ఎందుకుంటాయో ఆ రోజుల్లో ఎవర్నడిగినా ఒకటే కథ చెప్పేవారు. వాస్తు నమ్మే షావుకార్లు మూల దుకాణాన్ని ముట్టేవాళ్ళు కాదట. వీధిపోటుకు జడిసినట్టే మూలకూ జడిసేవారు. ఇరానీలకు ఆ జడుపు లేదు కాబట్టి తక్కువ అద్దెకు ఊళ్ళో మంచి మంచి మూలలు వాళ్ళకు దొరికాయి. రెండు వీధుల గాలి, రెండు వీధుల గిరాకీ. మన భయం వాళ్ళకు బేరమైంది.

చాయ్ సంగతీ కొంత చెప్పాలి. ఇరాన్‌లో తాగేది పాలు లేని నల్ల చాయ్. చక్కెర గడ్డ పళ్ళ మధ్య పెట్టుకుని దాని మీదుగా గుక్కలు వేస్తారు. మనం ఇరానీ చాయ్ అనేది ఇరాన్‌లో అడిగితే దొరకదు, అది ఇక్కడ పుట్టిన పిల్ల. కళాయి వేసిన రాగి పాత్రలో డికాషన్. మూత చుట్టూ గుడ్డ కట్టి ఆవిరి పోకుండా, బిర్యానీకి దమ్ పెట్టినట్టు సన్నసెగ మీద ఉంచుతారు. పక్క పొయ్యి మీద పాలు రంగు మారి చిక్కబడేదాకా మరుగుతూనే ఉంటాయి. కప్పులో ముందు డికాషన్, మీద పాలు. చక్కెర ఎక్కువ కావాలంటే "ఖడే చమ్మచ్ కీ చాయ్" అనేవారు, చెంచా నిలబడేంత తీపి అని.

అసలు టీ అలవాటే మనకు పాతది కాదు. 1903లో ఎగుమతి తేయాకు మీద సుంకం వేసి ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. 1930ల మాంద్యంలో సరుకు మిగిలిపోయాక ఆ ప్రచారం జోరుగా మన వీధుల్లోకి దిగి, ఊరికే కాచి పోసి మరీ అలవాటు చేసింది. ఆ అలవాటు హైదరాబాదులో కూర్చోవడానికి చోటు వెతుక్కుంటే ఇరానీవాళ్ళ కుర్చీ దొరికింది. అబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నాటిది. మొజంజాహీ మార్కెట్టు కట్టిందీ ఆ ఏడే. సికిందరాబాదు పారడైజ్ 1953లో సినిమా హాలును అంటుకుని చిన్న కేఫ్‌గా మొదలైంది, బిర్యానీ పేరు తర్వాత వచ్చింది.

ఇక్కడ పేర్ల ముచ్చట ఒకటి, ప్రూఫ్ రీడరు జబ్బు అనుకోండి. చాయ్‌లో ముంచుకునే ఉప్పుతీపి బిస్కెట్టు ఉస్మానియా. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మోస్తుంది, ఉస్మానియా ఆస్పత్రి రోగుల కోసం మొదట చేశారని అంటారు. ఆయన రెండో కొడుకు మొజం జా పేరు మార్కెట్టుకు. మొజం జా భార్య నీలోఫర్ పేరు పిల్లల ఆస్పత్రికి, ఆ ఆస్పత్రి మీదుగా పక్కనున్న చాయ్ హోటల్‌కు. మామకు బిస్కెట్టు, కొడుక్కి మార్కెట్టు, కోడలికి చాయ్. రాచరికం పోయినా ఆ కుటుంబమంతా మన నోట్లోనే ఉంది.

అబిడ్స్ ఓరియంట్ హోటల్ గురించి నేను విన్నదే ఎక్కువ. కవి మఖ్దూం మొహియుద్దీన్ అక్కడ కూర్చునేవాడు, చిత్రకారుడు హుసేన్ వచ్చేవాడు. మఖ్దూం 1969లోనే పోయాడు. నేను ఈ ఊరు చేరేసరికి ఆయన కథలు చెప్పేవాళ్ళు మిగిలారు. ఇప్పుడు ఆ హోటలూ లేదు.

మా మూలమీది హోటల్‌కు అంత పేరు లేదు. ఆటోవాళ్ళు, పేపరు కట్టలు మోసేవాళ్ళు, సెకండ్ షో వదిలాక వచ్చే జనం, మేము. గల్లా మీద ఇరానీ సేటు. బిల్లు కాగితం ఉండదు. మనం లేచి నడుస్తుంటే వెనక నుంచి బేరర్ కేక వేస్తాడు, మనిషి గుర్తు చెప్పి, పైసలు చెప్పి. "చష్మేవాలే సాబ్" అంటే నేను. వన్ బై టూ చెప్పి ఇద్దరం గంటన్నర కూర్చున్నా లెమ్మన్నవాడు లేడు. నా మొదటి కథ ఆ పాలరాతి మీదే రాశాను. కప్పు పెట్టినచోట తడి వలయం పడి రెండు వాక్యాలు అలుక్కుపోయాయి. అవి పోవడమే మంచిదైంది.

సేటును సంఘసంస్కర్తను చేయబోవడం లేదు నేను. ఆయనకు కావలసింది గిరాకీ. కులం అడిగితే గిరాకీ సగం పోతుందని తెలిసిన వ్యాపారి, అంతే. ఆడవాళ్ళ విషయంలో ఆ ధైర్యమూ లేదు. వాళ్ళకు తెరకట్టిన ఫ్యామిలీ క్యాబిన్లు ఉండేవి, హాల్లో కూర్చున్న ఆడమనిషిని నేను చూడలేదు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడను తీసుకెళ్తే, "ఈ పర్దా ఎనక ఎవరికి భయపడి తాగాలె?" అని చాయ్ సగంలో వదిలి లేచింది. జవాబు నా దగ్గర లేకపోయింది. కానీ కులం సంగతికొస్తే, ఆ రోజుల్లోనే "బ్రాహ్మణ భోజన హోటల్" అని బోర్డులు రాసుకున్న చోట్ల మా పెద్దాయన లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. ఆయనా మా వాడలాంటి వాడ నుంచే వచ్చాడని నాకు తెలిసింది ఆయన రిటైరయ్యే రోజున.

తర్వాత జరిగింది అందరూ చూసిందే. మూలలకు ధర వచ్చింది. వాస్తు భయం కన్నా గజం రేటు బలమైనది. రోడ్ల వెడల్పులో కొన్ని పోయాయి, కొన్ని చేతులు మారాయి, సేట్ల పిల్లలు వేరే పనుల్లోకి పోయారు. మా హోటల్ స్థలంలో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. చాయ్ మాత్రం పెరిగింది. నీలోఫర్ దగ్గర ఇప్పుడు కార్లు ఆగుతాయి. చార్మినారు పక్కన నిమ్రా కేఫ్ ముందు తెల్లవారుజామునే జనం కప్పులు పట్టుకుని నిలబడి ఉంటారు. నిలబడే తాగుతారు చాలామంది. మొన్న నా మనవడు కాగితం కప్పు చేతికిచ్చి, "తాతా, నడుచుకుంటూ తాగుదాం" అన్నాడు. మోకాళ్ళ నొప్పి అని చెప్పి పక్కనే ఆపిన స్కూటరు మీద కూర్చున్నాను.

ఇరానీ చాయ్ చరిత్ర అంటూ వచ్చే రాతల్లో హోటల్ యజమానుల పేర్లుంటాయి, నవాబుల పేర్లుంటాయి. ఆ కుర్చీల్లో మొదటిసారి కూర్చున్నవాళ్ళ సంగతి ఎక్కడా లేదు. మీ ఇంట్లో డెబ్భై దాటినవాళ్ళుంటే, పట్నంలో మొదటి చాయ్ ఏ హోటల్లో తాగారో, ఎక్కడ కూర్చుని తాగారో అడగండి. తేదీతో సహా రాసిపెట్టండి.