కాలేయ క్యాన్సర్ మూలకణాలు, హెపటైటిస్ బి టీకా: ఒక చారిత్రక పరిచయం

హసన్‌పర్తి పరిసరాల్లో సేద్యం చేసే ఇంట్లో పెరిగిన విద్యార్థికి తుంగ గురించి చెప్పనక్కర్లేదు. పైన ఎన్నిసార్లు పీకినా మట్టిలో గడ్డ మిగిలితే మళ్లీ మొలుస్తుంది. కాలేయ క్యాన్సర్‌లో వైద్యులకు ఎదురైన చిక్కు కూడా ఇలాంటిదే. కణితిని కోసి తీసేసినా చాలామందిలో అది తిరిగి వస్తుంది.

ఎందుకన్నదానికి ఒక జవాబు మొదట రక్త క్యాన్సర్ పరిశోధన నుంచి వచ్చింది. లుకేమియా కణాల్లో బహు కొద్దింటికే వ్యాధిని ఎలుకల్లో తిరిగి పుట్టించే శక్తి ఉందని 1994లో కెనడాలో జాన్ డిక్ బృందం చూపింది. ఇలాంటి కణాలనే క్యాన్సర్ మూలకణాలు అంటారు. కాలేయంలో వీటి అన్వేషణ 2006 తర్వాత ఊపందుకుంది. కణం పైపొరపై ఉండే సి.డి.133, సి.డి.90, ఎప్‌కామ్ ప్రొటీన్లు వీటిని పట్టిచ్చే ఆనవాళ్లయ్యాయి.

ఆనవాలు వేరు, చోదకం వేరు. ఈ తేడాను మీరు జాగ్రత్తగా గమనించాలి. కణాన్ని మూలకణ స్థితిలో నిలిపి ఉంచేవి లోపలి సంకేత మార్గాలు. వాటిలో ముఖ్యమైనది వింట్ మార్గం. అది అదుపు తప్పినప్పుడు బీటా కెటెనిన్ అనే ప్రొటీన్ కేంద్రకంలోకి చేరి, కణ విభజనను పెంచే జన్యువులను మేల్కొలుపుతుంది. ఎప్‌కామ్ జన్యువూ వాటిలో ఒకటి. అంటే ఆ ఆనవాలు చాలావరకు ఈ చోదకం ఫలితమే.

వింట్ మార్గం అదుపు తప్పడానికి కారణాలు అనేకం. వాటిలో హెపటైటిస్ బి వైరస్ ఒకటి. 1981లో బీస్లీ బృందం తైవాన్‌లో 22,707 మంది పురుషులపై చేసిన అధ్యయనాన్ని ప్రకటించింది. వారిలో కాలేయ క్యాన్సర్‌తో మరణించిన 41 మందిలో 40 మంది ఈ వైరస్ ఉన్నవారే. వైరస్ డి.ఎన్.ఏ. కాలేయ కణాల క్రోమోసోముల్లో చొరబడుతుందని, దాని ఎక్స్ ప్రొటీన్ వింట్ మార్గాన్ని రెచ్చగొడుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

ఈ కథలో హైదరాబాదుకూ చోటుంది. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో అక్కడ శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించారు. అప్పట్లో హెపటైటిస్ బి టీకా విదేశాల నుంచి రావాల్సిందే. సామాన్యుడికి దాని ధర అందేది కాదు. ఈస్ట్ కణాల్లో వైరస్ పైపొర ప్రొటీన్‌ను తయారుచేసి, 1997లో ‘శాన్‌వాక్ బి’ని ఆ సంస్థ విడుదల చేసింది. దేశంలో జన్యు పునస్సంయోజన పద్ధతిలో తయారైన తొలి హెపటైటిస్ బి టీకా ఇదే. ధర బాగా దిగివచ్చింది. కాలేయ క్యాన్సర్ మూలకణాల ఆనవాళ్లు బయటపడడానికి దాదాపు పదేళ్ల ముందు సంగతిది!

టీకా వేసే సమయం కీలకం. పుట్టుకలో తల్లి నుంచి వైరస్ సోకిన శిశువుల్లో సుమారు 90 శాతం మందిలో అది దీర్ఘకాలం నిలిచిపోతుంది. పెద్దయ్యాక సోకితే 5 శాతం కన్నా తక్కువ. అందుకే తొలి మోతాదు 24 గంటల్లోపే పడాలి. కామెర్లు వస్తే పసరు పోయిద్దాంలే అనుకుంటే కుదరదు. శిశువుల్లో ఈ వైరస్ సాధారణంగా కామెర్లు లేకుండానే తిష్ఠ వేస్తుంది.

ఇప్పటికే వైరస్ ఉన్నవారికి టీకా పనిచేయదు. వారిలో క్యాన్సర్ వస్తే మూలకణాలనే దెబ్బతీయాలన్నది పరిశోధకుల ప్రయత్నం. కానీ పేగుల పైపొరను నిత్యం పునరుద్ధరించే మామూలు మూలకణాలకూ వింట్ మార్గమే ఆధారం. దాన్ని పూర్తిగా అడ్డుకునే మందు పేగులనూ దెబ్బతీస్తుంది.