ఒక సీపీయూ, రెండు కీబోర్డులు

2011లో మా ఇంట్లో ఒకటే కంప్యూటర్. ఇంజినీరింగ్‌లో చేరానని నాన్న అమలాపురంలో అసెంబుల్ చేయించి తెచ్చారు. శనివారం నేను కాకినాడ నుంచి ఇంటికి రాగానే ఆ కుర్చీ కోసం చెల్లికీ నాకూ యుద్ధం మొదలు. తనప్పుడు పదో తరగతి. ఒకరోజు గొడవ తెగక, మూలపడున్న పాత కీబోర్డు కూడా తెచ్చి తగిలించాను. నేనో సీ ప్రోగ్రాం కొడుతుంటే పక్క నుంచి తను తన పేరు కొట్టింది. రెండూ ఒకే లైన్లో కలగాపులగం అయిపోయాయి.

"ఇదేంటన్నయ్యా? మా స్కూల్లో ఒకే సీపీయూకి నలుగురం కూర్చుంటాం. ఎవరిది వాళ్లకే పడుతుంది," అంది.

నమ్మలేదు. నేనూ ఆ జిల్లా పరిషత్ హైస్కూల్లోనే చదివాను. కానీ కంప్యూటర్లు వచ్చిన ఏడు నేను పదో తరగతిలో ఉన్నాను. పబ్లిక్ పరీక్షలని మమ్మల్ని ఆ గది దరిదాపులకి కూడా పోనివ్వలేదు. చెల్లి చెప్పింది నిజమేనని తర్వాత చదివితే తెలిసింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్లు పెట్టినప్పుడు తీసుకున్న దారి ఇదే. 50,000 సీట్లు, 18 లక్షల మంది పిల్లలు. అప్పటికి ఇలాంటి ఏర్పాట్లలో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఇదొకటి. మరుసటి ఏడు బ్రెజిల్ బడులు మూడున్నర లక్షలకు పైగా సీట్ల ఒప్పందంతో దాన్ని దాటేశాయి. మనదానికి పరికరాలు ఎన్‌కంప్యూటింగ్ అనే కాలిఫోర్నియా కంపెనీవి. దాన్ని నడిపిన స్టీఫెన్ డకర్ అంతకుముందు ఈమెషీన్స్ పేరుతో చవక కంప్యూటర్లు అమ్మినాయన. చవకలో ఇంకా చవక వెతికాడన్నమాట.

పరికరం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. సీపీయూలో ఒక పీసీఐ కార్డు, దానికి మూడు నెట్‌వర్క్ కేబుళ్లు, ఒక్కో కేబుల్ చివర అరచేతిలో పట్టే డబ్బా. ఆ డబ్బాకి మానిటర్, కీబోర్డు, మౌస్ తగిలిస్తే ఒక సీటు. డబ్బా వాడే కరెంటు ఒక్క వాట్. అందులో చెప్పుకోదగ్గ బుర్రేమీ లేదు. ఆలోచించేదంతా సీపీయూ, డబ్బా బొమ్మని చూపిస్తుంది, అంతే.

మరి నా రెండు కీబోర్డులు ఎందుకు కలిసిపోయాయి? పర్సనల్ కంప్యూటర్ అనే పేరులోనే జవాబుంది. మెషీన్ ముందు మనిషి ఒక్కడే కూర్చుంటాడన్న నమ్మకం మీద కట్టిన ఇల్లది. పది కీబోర్డులు గుచ్చినా పది చేతులున్న ఒక్క మనిషే అనుకుంటుంది. మన బడుల్లో బెంచీకి నలుగురు కూర్చుంటారని ఆ ఇల్లు కట్టినవాళ్లకి ఎవరు చెబుతారు?

నిజానికి ఈ నమ్మకం కొత్తది, పంచుకోవడమే పాతది. 1961లో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం సీటీఎస్ఎస్ అనే వ్యవస్థని నడిపి చూపించింది. ఒకే పెద్ద యంత్రం, దానికి తగిలించిన టైప్‌రైటర్ల లాంటి టెర్మినళ్ల ముందు వేర్వేరు మనుషులు. యంత్రం ఒక్కొక్కరికీ రెప్పపాటు సమయం ఇచ్చి పక్కవాడికి మళ్లుతుంది. ఇదంతా ఎంత వేగంగా జరుగుతుందంటే, మెషీన్ మొత్తం తనదేనని ప్రతివాడూ అనుకుంటాడు.

కాలేజీలో దీన్ని 'రౌండ్ రాబిన్' అని చెప్పారు. డెల్టాలో పుట్టినవాడికి అంత ఇంగ్లీషు అక్కర్లేదు, ఇది వంతు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852కల్లా పూర్తయింది, నది ఒకటే, పొలాలు లక్షల ఎకరాలు. రబీలో నీళ్లు తగ్గితే వంతులవారీ విధానం పెడతారు. ఎగువకి కొన్ని రోజులు, శివారుకి కొన్ని రోజులు. లాకుల దగ్గర లస్కర్లు చేసే పనినే ఆపరేటింగ్ సిస్టంలో షెడ్యూలర్ చేస్తుంది. తేడా ఏంటంటే షెడ్యూలర్‌కి మొహమాటం ఉండదు.

దొంగతనం మాత్రం రెండుచోట్లా ఉంది. సీటీఎస్ఎస్‌లో ఎవరి ఖాతా వాళ్లదని పాస్‌వర్డులు పెట్టారు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధకుడు తనకిచ్చిన వారానికి నాలుగు గంటలు చాలక, పాస్‌వర్డుల ఫైలుని ప్రింటు తీయించుకుని ఇతరుల సమయం వాడుకున్నాడు. ఆ కథని కంప్యూటర్ సెక్యూరిటీ పాఠాల్లో చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. అర్ధరాత్రి లాంతరు పట్టుకెళ్లి తూము ఎత్తేసిన బాపతే కదా.

మన 5,000 బడుల గురించి రాసినవాళ్లంతా ఖర్చు ఎంత తగ్గిందో, కరెంటు ఎంత మిగిలిందో లెక్కలు చెప్పారు. నాకు ఆసక్తి కలిగించేది వేరే ప్రశ్న. కీబోర్డు ఎవరి చేతిలో ఉంది? 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఉదయ్ సింగ్ పవార్, జయోజీత్ పాల్, కెంటారో టొయామా ఇదే ప్రశ్నతో ఒక పేపర్ రాశారు. పల్లె బడుల్లో ఒక మెషీన్ చుట్టూ పిల్లలు గుమిగూడతారు, జబర్దస్తీ ఉన్న ఒక్కడు మౌస్ పట్టుకుంటాడు, మిగతావాళ్లు చూస్తూ ఉంటారు. వాళ్లు చెప్పిన మందు, ఒకే తెరకి అనేక మౌస్‌లు. మంచి ఆలోచనే, కానీ తెర ఉమ్మడిది. పక్కవాడు కదిలిస్తే నాది కూడా కదులుతుంది. మన బడుల్లోకి వచ్చిన డబ్బాలు అంతకంటే ఒక అడుగు ముందున్నాయి. ఎవరి తెర వాళ్లది, మధ్యలో గట్టు ఉంది.

అలాగని పొగిడి ఊరుకోలేను. 18 లక్షల మందిని 50,000తో భాగిస్తే సీటుకి 36 మంది. సీట్ల మధ్య వంతు మిల్లీసెకన్లలో వస్తే, సీటు కోసం వంతు వారాల్లో వచ్చేది. నడిపే బాధ్యత ప్రైవేటు ఏజెన్సీలది. ఇక 2012 కరెంటు కోతలు గుర్తున్నవాళ్లకి మిగతాది చెప్పక్కర్లేదు. సీపీయూ ఆగితే సీట్లన్నీ ఒకేసారి నల్లబడతాయి.

ఆ 2012లోనే మా ఇంటికీ సీట్లు వచ్చాయి. మేలో ఫెడోరా 17 విడుదలైంది. ఒకే మెషీన్ మీద ఒకటికి మించిన సీట్లని దానంతటదే గుర్తించడం అందులో కొత్త సంగతి. కాకినాడలో ఒక పాత గ్రాఫిక్స్ కార్డూ, ఒక సీఆర్‌టీ మానిటరూ కొన్నాను. మూడు రోజులు కుస్తీ పడి, రెండో తెరనీ రెండో కీబోర్డునీ 'సీట్1'కి కట్టాను. నాది 'సీట్0'. ఎవరో పెట్టిన పేర్లే అయినా సున్నా నాకు రావడం సహజంగానే అనిపించింది, అప్పట్లో.

రెండో తెర మీద లాగిన్ బాక్స్ వచ్చింది. చెల్లి పాస్‌వర్డు కొడుతూ "అటు తిరుగు" అంది.

"ఏమే, సిస్టం పెట్టింది నేను. నాకు చెప్పవా?"

"చెప్పను."

తలుచుకుంటే ఆ పాస్‌వర్డుతో పని లేకుండానే తన ఫైళ్లు తెరవగలను, రూట్ నా చేతిలో ఉంది. తెరవలేదు. అంతకంటే పెద్ద తప్పు చేశాను. ఆ రాత్రి నా పని అయిపోయింది కదాని, రోజూ చేసే అలవాటే కనుక, పవర్ బటన్ నొక్కి లేచాను. పక్క తెర కూడా ఆరిపోయింది. తను గంటన్నరగా ఏదో రాసుకుంటోంది, సేవ్ చేయలేదు. ఏం రాస్తోందో చెప్పలేదు, నేను అడగలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాతి శనివారం ఇంటికొచ్చేసరికి సీపీయూ పవర్ బటన్ మీద నోట్‌బుక్ కాగితం ముక్క అతికించి ఉంది. దాని మీద గుండ్రటి అక్షరాలతో, 'ఇద్దరినీ అడిగి ఆపవలెను'.